‘పాప్’ రిపోర్టు... పాపాయి కల!

అమ్మ కావాలని ఆసుపత్రికి వెళుతుంది. రక్తపరీక్షలు, స్కానింగులతోపాటు పాప్ స్మియర్ కూడా చేస్తారు. నాలుగు రోజులయ్యాక వచ్చిన కాగితంలో ఓ తెలియని మాట. అంతే... పిల్లల సంగతి పక్కకెళ్లిపోయి ‘క్యాన్సరేమో’ అన్న భయం ఇంట్లో తిష్ఠ వేస్తుంది. నిజంగా అంత భయపడాలా? పిల్లల మీద ఆశ వదులుకోవాలా?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే చాలు... జావా, పైథాన్, డేటా సైన్స్ అంటూ కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రాళ్లు చుట్టుముడతారు. దిగకుండా ఎల్బీనగర్ రైల్లో ఒక్క స్టేషన్ ముందుకెళితే పంజాగుట్ట. అక్కడ దిగేవాళ్లలో చాలామంది చేతుల్లో ఉండేది కరపత్రాలు కాదు, ఎక్స్‌రే కవర్లు. నిమ్స్‌కి వెళ్లేవాళ్లు కొందరైతే, ఆ చుట్టుపక్కల సందుల్లోని డయాగ్నస్టిక్ సెంటర్లకీ సంతాన సాఫల్య కేంద్రాలకీ వెళ్లేవాళ్లు మరికొందరు. ఈ రెండు స్టేషన్ల మధ్య ఎన్ని బోర్డుల మీద బోసినవ్వుల పాపాయిలు కనిపిస్తారో లెక్కపెట్టడం కష్టం!

కోచింగ్ కోసం అమీర్‌పేట హాస్టల్లో దిగిన అమ్మాయి... ఉద్యోగం వచ్చి, పెళ్లయి, ఎస్సార్‌నగర్‌లో రెండు గదుల వాటాలో కాపురం పెట్టి, నాలుగేళ్లయినా నెల తప్పకపోవడంతో ఇప్పుడు పంజాగుట్టకు ఫైలు పట్టుకుని బయల్దేరింది. ఆమెకు మనం పేరు పెట్టడం లేదు. ఎందుకంటే ఆమె ఏ ఒక్కరో కాదు. ఇలాంటి ఆసుపత్రుల ముందు వరండాల్లో కూర్చునే చాలామంది కథల్ని కలిపితే వచ్చే మనిషి. వయసు ముప్ఫై ఒకటి అనుకోండి. పుట్టిల్లు కామారెడ్డి, అత్తవారిది తెనాలి.

డాక్టరమ్మ రాసిన చీటీలో పది పరీక్షలున్నాయి. థైరాయిడ్, చక్కెర, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే, ఆయనకు వీర్యపరీక్ష... చివర్లో చిన్నగా ‘పాప్’. దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు, ఆమే అడగలేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది కూడా. తీరా మిగతావన్నీ బాగానే ఉన్నాయి. అదొక్కటే బాగాలేదు. ‘ఏఎస్‌సీ-యూఎస్’ అని రాసి, కింద ‘కాల్పోస్కోపీ సూచించడమైనది’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం ఒకటి.

డాక్టర్ అపాయింట్‌మెంట్ సోమవారం. రిపోర్టు చేతికొచ్చింది శుక్రవారం సాయంత్రం. ఆ మధ్య మూడు రాత్రులూ సెల్‌ఫోన్లో వెతుకుతూనే గడిచాయి. ఆదివారం అత్తగారు ఫోన్ చేసి సంగతి విన్నారు. ‘‘మా పక్కింటావిడకీ అచ్చం ఇలాగే పుండన్నారమ్మా. ముదరకముందే తీసేయించుకుంది. ఇప్పుడు హాయిగా ఉంది’’ అన్నారు. ఓదార్పుగానే అన్నారు, పాపం.

‘‘ఏం తీసేయించుకుందత్తయ్యా?’’

‘‘ఇంకేముంటుంది, గర్భసంచే!’’

ఆ కాగితం ఏం చెబుతోంది?

పాప్ స్మియర్ క్యాన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్ష కాదు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే చాలా ఇళ్లలో ఆ మూడు రాత్రులు నిద్ర పడుతుంది. గర్భసంచికి కింద, సన్నని మెడలా మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున ఉండే భాగమే గర్భాశయ ముఖద్వారం. దాని పైపొర నుంచి చిన్న బ్రష్‌తో కొన్ని కణాలు తీసి, సూక్ష్మదర్శిని కింద చూసి ‘వీటి వాలకం మామూలుగా ఉందా లేదా’ అని చెప్పడం వరకే ఆ పరీక్ష పని. జల్లెడ లాంటిదన్నమాట. జల్లెడలో మిగిలినవన్నీ రాళ్లు కావు.

ఇక రిపోర్టుల్లో కనిపించే ఆ అక్షరాల సంగతి. 1988లో అమెరికాలోని బెథెస్డా అనే చోట నిపుణులు సమావేశమై పాప్ ఫలితాలను ఎలా రాయాలో ఓ పద్ధతి పెట్టుకున్నారు. హైదరాబాద్ ల్యాబులూ దాన్నే అనుసరిస్తాయి. ‘ఏఎస్‌సీ-యూఎస్’ అంటే కణాలు కాస్త తేడాగా ఉన్నాయి గానీ ఎందుకో తెలియడం లేదని. ఒకరకంగా పరీక్ష చేసినవారు ‘ఏమో’ అని భుజాలెగరేయడమే! ‘ఎల్‌సిల్’ అంటే స్వల్ప మార్పులు. ‘హెచ్‌సిల్’ అంటే ఎక్కువ మార్పులు. దీన్ని మాత్రం ఆలస్యం చేయకూడదు. ‘ఏఎస్‌సీ-హెచ్’ అని ఉన్నా అంతే, ఎక్కువ మార్పులు ఉండొచ్చన్న అనుమానం. ‘ఏజీసీ’ అని రాస్తే లోపలి గ్రంథి కణాల్లో తేడా ఉన్నట్టు, దాన్నీ వెంటనే చూడాల్సిందే.

మన దగ్గర వీటన్నిటికంటే ఎక్కువగా కనిపించే మాట మరొకటుంది... ‘ఇన్‌ఫ్లమేటరీ స్మియర్’. అంటే వాపు, చాలాసార్లు ఏదో మామూలు ఇన్‌ఫెక్షన్. తెల్లబట్ట అవుతున్నవారిలో ఇది సర్వసాధారణం. మందులు వాడి, అవసరమైతే మళ్లీ పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. దానికీ క్యాన్సర్‌కీ ముడిపెట్టి ఏడ్చేవాళ్లను చూస్తే, ఆ కాగితం ఇచ్చేటప్పుడు కౌంటర్లో కూర్చున్నవాళ్లకి ఒక్క వాక్యం నేర్పిస్తే ఎంత బాగుండుననిపిస్తుంది.

‘పుండు’ అన్న మాటతోనే చిక్కు!

అత్తగారన్న ‘పుండు’ మాట తెలుగు ఊళ్లలో ఎన్ని గర్భసంచుల్ని మింగిందో! ముఖద్వారం లోపలి మెత్తని ఎర్రటి పొర కొందరిలో బయటికి కనిపిస్తుంది. హార్మోన్ల ప్రభావంతో, గర్భం వచ్చినప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు అలా కావడం సహజం. చూడ్డానికి ఎర్రగా పుండులా ఉంటుంది గానీ అది పుండు కాదు, రోగమూ కాదు. కానీ ‘పుండు పడింది, వదిలేస్తే క్యాన్సరవుతుంది’ అన్న ఒక్క మాటతో ముప్ఫై ఏళ్లు నిండకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కినవారు రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా కనిపిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ఈ రికార్డు మనకెందుకు వచ్చిందో వైద్యులూ ప్రభుత్వాలూ ఆలోచించాల్సిన విషయమే.

మన కథలోని అమ్మాయికి ఈ సలహా మరీ ప్రమాదం. ఎందుకంటే ఆమెకు పిల్లలు కావాలి. పాప్ రిపోర్టు ఒక్కటే చూసి గర్భసంచి తీసేయాలని చెప్పడానికి ఏ వైద్య మార్గదర్శకాల్లోనూ చోటు లేదు. బయాప్సీలో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులున్నాయని తేలినా సరే, మొదటి చికిత్సగా గర్భసంచి తొలగింపును ఒప్పుకోరు. ఎవరైనా అలా చెబితే ఫైలు తీసుకుని మరో డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో మొహమాటమేమీ అక్కర్లేదు.

వైరస్ ఎక్కడినుంచి వచ్చింది?

సోమవారం డాక్టరమ్మ హెచ్‌పీవీ పరీక్ష కూడా చేద్దామన్నారు. ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నిటికీ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్ బృందం 1983లో ఈ వైరస్‌లోని 16వ రకాన్నీ ఆ మరుసటేడు 18వ రకాన్నీ క్యాన్సర్ కణాల్లో పట్టుకుంది. అందుకే ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. ప్రపంచంలో నూటికి డెబ్భై ముఖద్వార క్యాన్సర్లకు ఈ రెండు రకాలే కారణం. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కీర్తి షాతో కలిసి మన పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆంధ్రప్రదేశ్ మహిళల క్యాన్సర్లలోనూ 16వ రకానిదే పైచేయి.

హెచ్‌పీవీ లైంగిక సంబంధం ద్వారా వస్తుందని తెలియగానే ఇంట్లో మరో తుపాను. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. వంటింట్లోకి వెళ్లి గ్యాస్ వెలిగిస్తూ ఆమే అడిగింది...

‘‘నీ నుంచి వచ్చిందా?’’

‘‘నేనూ అదే అడుగుదామనుకున్నా’’ అన్నాడతను. ఆ రోజు అన్నం ఎవరూ తినలేదు.

ఇక్కడ ఇద్దరూ తెలుసుకోవాల్సింది ఒకటే. లైంగిక జీవితం ఉన్నవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది. జ్వరం రాదు, నొప్పి ఉండదు, మగవాళ్లకైతే అసలే తెలియదు. నూటికి తొంభై మందిలో ఏడాది రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి తర్వాత పరీక్షలో కనిపిస్తుంది. కాబట్టి ఈ రోజు పరీక్షలో దొరికిందంటే నిన్నో మొన్నో వచ్చిందని కాదు. ఎవరి నుంచి, ఎప్పుడు అని తేల్చే పరీక్ష లేదు. ఆ కాగితాన్ని సాక్ష్యంగా పట్టుకుని కాపురంలో తగవు పెట్టుకోవడం శుద్ధ అనవసరం.

వైరస్‌ను చంపే మందూ లేదు. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, కషాయాలు అమ్మేవాళ్లకు మాత్రం కొదవలేదు! పొగతాగే అలవాటుంటే మానేయడం మంచిది; పొగ వల్ల వైరస్ పోవడం ఆలస్యమవుతుంది.

అన్నిటికంటే ఊరటనిచ్చే అంకె ఇంకోటి. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న స్త్రీలో వైరస్ చేరిన నాటి నుంచి క్యాన్సర్ వరకు చేరడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెచ్ఐవీ వంటి కారణాలతో ఆ శక్తి తగ్గినవారిలో మాత్రం ఐదు నుంచి పదేళ్లే.

భూతద్దం కింద పది నిమిషాలు

కాల్పోస్కోపీ అనగానే మత్తిచ్చి పొట్ట కోస్తారనుకుంటారు కొందరు. అదేం కాదు. పాప్ పరీక్షకు పడుకున్నట్టే పడుకోవాలి. ముఖద్వారం మీద పల్చని ఎసిటిక్ ఆమ్లం రాస్తారు. మన వంటింటి వెనిగర్‌కు దగ్గరి చుట్టమే! మార్పులున్న చోట తెల్లగా తేలుతుంది. బైనాక్యులర్ లాంటి పరికరంతో దాన్ని పెద్దదిగా చేసి చూస్తారు. దీన్ని జర్మనీ వైద్యుడు హాన్స్ హిన్సెల్మన్ 1925లో రూపొందించాడు. అనుమానం ఉన్నచోట బియ్యపుగింజంత ముక్క తీస్తారు, అదే బయాప్సీ. చిమచిమలాడుతుంది, ఒకటి రెండు రోజులు కాస్త రక్తం కనిపించొచ్చు. దీనివల్ల పిల్లలు పుట్టే అవకాశం తగ్గదు.

బయాప్సీ తర్వాత వచ్చే మాట ‘సిన్’. ఒకటి, రెండు, మూడు అని మెట్లు. పిల్లలు కావాలనుకునేవారి అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గరా ఒకటే ప్రశ్న... ఇప్పుడు చికిత్సా, ముందు బిడ్డా?

సిన్-1 అయితే సాధారణంగా చికిత్స అక్కర్లేదు. వైరస్‌తోపాటు అదీ పోతుంది. ఏడాదికోసారి చూపించుకుంటూ పిల్లల ప్రయత్నం కొనసాగించొచ్చు. మన అమ్మాయికి వచ్చింది ఇదే అయితే ఆ రోజు మెట్రోలో కూర్చుని చాన్నాళ్లకు నవ్వి ఉంటుంది.

సిన్-3 దగ్గరా సందేహం లేదు. చికిత్స చేయించుకోవాల్సిందే. దీన్ని వదిలేస్తే ఏమవుతుందో న్యూజిలాండ్‌లో జరిగిన ఓ ఘోరం చెబుతుంది. ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో 1960ల నుంచి హెర్బర్ట్ గ్రీన్ అనే వైద్యుడు, ఈ మార్పులు క్యాన్సర్‌గా మారవన్న నమ్మకంతో కొందరు స్త్రీలకు సరైన చికిత్స ఇవ్వకుండా ఊరికే గమనిస్తూ వచ్చాడు. ఆ సంగతి వాళ్లకి చెప్పనూ లేదు. 1987లో ఇద్దరు మహిళలు పత్రికలో రాయడంతో బయటపడి, న్యాయవిచారణ జరిగింది. 2008లో ఆ రికార్డులన్నీ తిరగేస్తే... చికిత్స సరిగా అందనివారిలో 30 ఏళ్లలో నూటికి 31 మందికి క్యాన్సర్ వచ్చిందని తేలింది.

మధ్యలో ఉన్న సిన్-2 సంగతే ఎటూ తేలనిది. ఫిన్లాండ్ పరిశోధకులు 2018లో 36 అధ్యయనాలను కలిపి చూశారు. చికిత్స లేకుండా రెండేళ్లు గమనిస్తే సగం మందిలో దానంతటదే తగ్గిపోయింది. 32 శాతం మందిలో అలాగే ఉంది. 18 శాతం మందిలో ముదిరింది. అందుకే, పిల్లల గురించి ఆలోచన ఉన్నవారికి ఆర్నెల్లకోసారి కాల్పోస్కోపీ, హెచ్‌పీవీ పరీక్షలు చేస్తూ రెండేళ్ల దాకా ఆగొచ్చని అమెరికా నిపుణుల 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ ఒక్క షరతు... ఆర్నెల్లకోసారి నిజంగా రావాలి. మధ్యలో బెంగళూరుకు బదిలీ అయిందనో, ఐవీఎఫ్ సైకిల్ నడుస్తోందనో, శ్రావణమాసమనో వాయిదా వేస్తే ఆగడానికి అర్థం లేదు.

చికిత్స చేస్తే బిడ్డకు ముప్పా?

ఎక్కువగా చేసే చికిత్స ‘లీప్’. సన్నని వైరు ఉంగరంలో కరెంటు పంపి, తేడాగా ఉన్న పొరను చెక్కి తీసేస్తారు. ఆ చోట మాత్రమే మత్తిస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. నాలుగు వారాలు భార్యాభర్తలు దూరంగా ఉండాలి. గర్భం కోసం మళ్లీ ప్రయత్నించే ముందు కనీసం మూడు నెలలైనా ఆగమని చాలామంది డాక్టర్లు చెబుతారు. ముప్ఫై ఐదు దాటినవారికి ఆ మూడు నెలలూ మూడేళ్లలా ఉంటాయి. ఆ బాధ చిన్నదేమీ కాదు.

లీప్ వల్ల గర్భం రావడం కష్టమవుతుందన్నది ఎక్కువమంది భయం. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మారియా కిర్గియూ బృందం 2014లో పరిశోధనలన్నీ కలిపి చూసింది. గర్భం వచ్చే అవకాశం తగ్గినట్టు ఆధారం కనిపించలేదు. కానీ నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు గర్భస్రావాలు పెరిగాయి... వెయ్యికి 4 ఉండాల్సినవి 16 అయ్యాయి. అదే బృందం 2016లో మరో లెక్క చెప్పింది. నెలలు నిండకుండానే కాన్పు కావడం మామూలుగా నూటికి ఐదుగురిలో ఉంటే, చికిత్స పొందినవారిలో అది దాదాపు పదకొండు.

ఈ అంకెలు చూసి బెదరక్కర్లేదు. నూటికి ఎనభై తొమ్మిది మందికి నెలలు నిండాకే కాన్పయిందన్నది కూడా అదే లెక్కలో ఉంది. పైగా, చికిత్స తీసుకోకపోయినా ఈ మార్పులున్నవారిలో ముందస్తు కాన్పుల ముప్పు కాస్త ఎక్కువేనని ఆ పరిశోధనే చెప్పింది. ఎంత లోతుగా చెక్కారన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే ‘‘మాకింకా పిల్లల్లేరు డాక్టర్’’ అని చెప్పాలి. ఫైల్లో ఉంటుందిలే, ఆవిడకి తెలుసులే అనుకోవద్దు. ఎన్ని మిల్లీమీటర్ల లోతున తీశారో అడిగి కాగితం మీద రాయించుకోవాలి. రేపు కాన్పు చేసేది మరో ఊళ్లో మరో డాక్టర్ కావచ్చు. తెనాలిలోనో కామారెడ్డిలోనో పుట్టింటి దగ్గర కాన్పు చేసుకునే ఆనవాయితీ మనది. ఆ చిన్న కాగితం అక్కడ అక్కరకొస్తుంది.

ఎందుకంటే దాన్నిబట్టే, నాలుగైదు నెలల్లో ముఖద్వారం పొడవు కొలిచే స్కానింగ్ చేస్తారు. పొట్టిగా అవుతోందంటే ప్రొజెస్టిరాన్ మందులిస్తారు, అవసరమైతే కుట్టు వేస్తారు. ‘సంచి మూతికి కుట్టేశారు’ అని పెద్దవాళ్లు చెప్పుకునేది ఇదే. గోవాలో పుట్టి బొంబాయిలో పేరు తెచ్చుకున్న వైద్యుడు విఠల్ నగేశ్ షిరోద్కర్ 1955లో వివరించిన ఈ కుట్టుకు ప్రపంచమంతా ఆయన పేరే పెట్టుకుంది.

మరి అసలు క్యాన్సరే బయటపడితే? తొలిదశలో దొరికితే, ఎంచిన కొందరిలో ముఖద్వారాన్ని మాత్రమే తీసి గర్భసంచిని కాపాడే శస్త్రచికిత్స ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన డానియెల్ డార్జాన్ దీనికి దారి చూపాడు. ఆ తర్వాత తల్లులైనవారూ ఉన్నారు. అందరికీ కుదరదు. కుదురుతుందో లేదో క్యాన్సర్ ఆసుపత్రిలో తేల్చుకోవాలి. ముదిరిందని తెలిస్తే ప్రాణం ముందు, పిల్లలు తర్వాత.

ఈలోగా నెల తప్పితే...

ఇదీ జరుగుతుంది. నాలుగేళ్లుగా రాని గర్భం సరిగ్గా కాల్పోస్కోపీ తేదీకి ముందే వస్తుంది! అప్పుడు సంతోషించాలో కంగారుపడాలో తెలియదు. సంతోషించండి. కడుపుతో ఉన్నప్పుడూ కాల్పోస్కోపీ చేయొచ్చు. అనుమానం గట్టిగా ఉంటే పై నుంచి చిన్న ముక్క కూడా తీయొచ్చు. ముఖద్వారం లోపలి గోడను గీకి తీసే పరీక్ష మాత్రం చేయరు. క్యాన్సర్ అనుమానం లేకపోతే చికిత్సను కాన్పు అయ్యేదాకా వాయిదా వేస్తారు. వైరస్ ఉందని సిజేరియన్ చేయించుకోవాల్సిన పనిలేదు. హెచ్‌పీవీ టీకా మాత్రం గర్భిణులకు వేయరు. ఒక డోసు వేసుకున్నాక నెల తప్పితే మిగతావి కాన్పు తర్వాతే. అన్నట్టు, ఉన్న వైరస్‌నీ ఉన్న మార్పుల్నీ టీకా తగ్గించదు. అది రాకుండా ఆపేది. పెళ్లికి చాలాముందు, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తేనే ఎక్కువ ఉపయోగం.

టీకా అంటే మన దగ్గర ఓ చేదు జ్ఞాపకం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ ప్రాజెక్టుగా 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తప్పిదం వల్ల పోయిన నమ్మకం తిరిగి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2023లో సీరం ఇన్‌స్టిట్యూట్ వారి దేశీయ టీకా సర్వావ్యాక్ మార్కెట్లోకి వచ్చింది.

పరీక్షే చేయించుకోనివారు

ఇంతసేపూ చెప్పుకున్నది రిపోర్టు వచ్చిన అమ్మాయి సంగతి. ఒకరకంగా ఆమె అదృష్టవంతురాలు. పిల్లల కోసం వెళ్లబట్టి ఆ పరీక్ష జరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో దేశంలో సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్ఫై వేలమంది స్త్రీల మీద జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి అవసరమైనవారికి చికిత్స ఇస్తేనే మరణాలు సగానికి తగ్గాయి. మన పక్క రాష్ట్రమే!

టీవీ చూసేవారికి జేడ్ గూడీ గుర్తుండే ఉంటుంది. 2008 ఆగస్టులో ‘బిగ్ బాస్’ హిందీ షో కోసం మన దేశానికి వచ్చిన ఈ బ్రిటిష్ తారకు తనకు ముఖద్వార క్యాన్సర్ ఉందన్న కబురు ఆ ఇంట్లోనే తెలిసింది. 2009 మార్చిలో 27 ఏళ్లకే చనిపోయింది. ఆ ఏడాది ఇంగ్లండులో నాలుగు లక్షలమందికి పైగా అదనంగా పరీక్షకు వచ్చారట. 2024 ఫిబ్రవరిలో పూనమ్ పాండే ఇదే జబ్బుతో చనిపోయానని అబద్ధం చెప్పించి, మర్నాడు ‘అవగాహన కోసం’ అంది. రెండోదాన్ని మరచిపోవడమే మేలు.

మన అమ్మాయి మాత్రం పాపనికొలా పేరు ఎక్కడో చదివి, ఈ పరీక్షకు ఆ పేరెందుకో తెలుసుకుంది. న్యూయార్క్‌లో పనిచేసిన గ్రీకు వైద్యుడు జార్జ్ పాపనికొలా 1928లో మొదటిసారి దీని గురించి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. 1941లో మళ్లీ ప్రచురించాకే ప్రపంచం విన్నది. అన్నేళ్లూ ఆయన ప్రయోగాలకు నమూనాలిచ్చింది భార్య ఆండ్రోమాకీ. వాళ్లకు పిల్లల్లేరు.

పరీక్షకు వెళ్లేముందు చిన్న జాగ్రత్తలు... నెలసరి రోజుల్లో వద్దు. రెండు రోజుల ముందు నుంచి కలయిక, లోపల పెట్టుకునే మందులు, కడగడాలు వద్దు. ప్రైవేటులో ఖర్చు భయపెడితే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో అడగొచ్చు. క్యాన్సర్ అనుమానం ఉంటే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఉంది. రిపోర్టు తీసుకునే రోజునే డాక్టర్‌ని కలిసేలా తేదీ పెట్టుకుంటే శుక్రవారం నుంచి సోమవారం దాకా పడే నరకం తప్పుతుంది.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. గుడి నుంచి తిరిగొస్తుంటే కోడలే చెప్పింది, గర్భసంచి తీయక్కర్లేదట, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలట అని. ‘‘మరి మా పక్కింటావిడకి ఎందుకు తీసేశార్రా?’’ అన్నారావిడ కొడుకు వైపు తిరిగి. అతని దగ్గర జవాబు లేదు.

తర్వాతి సంగతి కూడా చెప్పుకోవాలి. బిడ్డ పుట్టాక ఇంట్లో అందరికీ గుర్తుండేది పోలియో చుక్కల తేదీ. తల్లికి చేయాల్సిన పరీక్ష ఎవరికీ గుర్తుండదు. కాన్పు తర్వాత నాలుగు వారాలు దాటాకే కాల్పోస్కోపీ చేస్తారు. చాలామంది డాక్టర్లు ఆరు వారాల తర్వాత రమ్మంటారు. బిడ్డకు ఓ విడత టీకాలు పడేదీ సరిగ్గా ఆరు వారాలకే. ఆ టీకాల కార్డు వెనక, పెన్నుతో, అమ్మ తేదీ కూడా రాసి పెట్టుకోవచ్చు.